ఏడో షీటులో తలుపు

బయట కూర్చోమన్నారు, కూర్చున్నాను. సరిగ్గా పది గంటలకి ఆంటీ నోలా నా చేతిలోంచి డ్రాయింగుల చుట్ట తీసుకుని, గంట పడుతుంది అమ్మాయ్, మాలో మేం మాట్లాడుకోవాలి అని, కమ్యూనిటీ హాలు తలుపు నా మొహం మీద కాకుండా మొహానికి కాస్త పక్కగా, మర్యాదగా వేసేసింది. లోపల మూలవాసుల కమిటీ, ఎనిమిది మంది పెద్దవాళ్ళు, తొమ్మిది షీట్లు, రెండు ప్లేట్ల స్కోన్లు, అంటే ఇక్కడి బన్నులు. బయట నేను, ఒక బెంచీ, ఆస్ట్రేలియా ఆగస్టు నెల చలిగాలి. మా అత్తగారు పొద్దున్నే కలిపిచ్చిన పులిహోర డబ్బా కూడా లోపలికే వెళ్ళింది. పదకొండు నెలలుగా నేను తిరుగుతున్నా రాని అప్రూవల్ పులిహోరకి పది సెకన్లలో వచ్చింది. ఎదురుగా గడ్డిలో ఒక మ్యాగ్‌పై పిట్ట, నల్లకోటు మీద తెల్లశాలువా కప్పుకున్న రిటైర్డ్ హెడ్మాస్టరులా నడుస్తూ, మధ్యమధ్య ఆగి నావైపు చూస్తోంది. నువ్వెవరు, నీకిక్కడేం పని అన్నట్టు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఊరు మెల్‌బోర్న్‌కి రెండున్నర గంటల దూరం, నది ఒడ్డున, పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్ల కింద. ఇక్కడి మూలవాసులకి ఒక కల్చరల్ సెంటర్ కట్టాలి, ఈ ఊరు వాళ్ళని ఇన్నేళ్ళూ ఎలా చూసిందో ఆ బిల్డింగే చెప్పాలి, అంతేగానీ గోడకి బోర్డు కొట్టి కాదు అన్నది ఆంటీ నోలా షరతు. గీసే ఆర్కిటెక్టుని నేను. ఇవాళ వాళ్ళు ఊ అంటే వచ్చేవారం కౌన్సిల్‌కి, అంటే ఊరి మున్సిపాలిటీకి, వెళుతుంది. ఊహూ అంటే మళ్ళీ మొదటికి. పోయిన ఏడాది ఈ కమిటీలో పదిమంది ఉండేవాళ్ళు. ఇద్దరు పోయారు. మిగిలినవాళ్ళలో చిన్నదానికి డెబ్భై ఒకటి. వాళ్ళకి, ఫర్లేదు, ఇంకోటి గీసి తెస్తా, ఓ ఏడాది ఆగండి అని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

కాగితం చప్పుడైంది. మొదటి షీటు తిప్పారు. అది అందరికీ నచ్చేదే, అందులో చెట్లు తప్ప ఏమీ లేవు. మా డైరెక్టర్ నన్ను ఈ పనిలో వేస్తూ, ఈ విషయంలో నీకు సొంత అనుభవం ఉంటుంది కదా కిరణ్ అన్నాడు. కిరణ్మయిలో సగం ఆయన నోట్లో ఎప్పుడూ పట్టలేదు. నా సొంత అనుభవమల్లా, పదిహేడేళ్ళ కిందట మేముండే శివారు టార్నీట్‌కి వెళ్ళే రైల్లో ఒక తాగుబోతు, నీ దేశానికి పో అన్నాడు. నేనప్పుడు ఫోన్లో విజయవాడకి టికెట్లే చూస్తున్నాను కాబట్టి అంత బాధపడలేదు. టార్నీట్ రైలు అప్పటికింకా రానేలేదు కదమ్మా అని మా వీధి చివర కేశవరావు అంకుల్ నన్ను ప్రతిసారీ దిద్దుతారు, అది వెర్రిబీ రైలయి ఉంటుందని. అయి ఉంటుంది. తాగుబోతు మాత్రం నిజం. అంకుల్‌కి ప్రమోషన్ రాని ఏడాది ఈ దేశంలో రేసిజం విపరీతంగా ఉంటుంది, వచ్చిన ఏడాది అస్సలుండదు. ఈ ప్రాజెక్టు గురించి చెపితే, వాళ్ళకన్నీ ఫ్రీగా ఇస్తారు కదమ్మా అని నిట్టూర్చారు, మా ఇంట్లో మూడోసారి బిర్యానీ వడ్డించుకుంటూ. సంజయ్, అంటే మా ఆయన, మూడే ప్రశ్నలడిగాడు. హాలు అద్దెకిస్తారా, కార్లెన్ని పడతాయి, బయటి భోజనం రానిస్తారా. మన జాతికి ఏ సాంస్కృతిక కేంద్రాన్ని చూసినా ముందు ఉగాది ఫంక్షనే కనిపిస్తుంది. నేను మాత్రం వాళ్ళలా కాదు, నేను విశాల హృదయురాలిని అనుకుంటూ అంకుల్‌కి రైతా అందించాను. అలా అనుకోవడంలో ఒక సుఖం ఉంటుంది, ఏసీ వేసుకుని కిటికీలోంచి ఎండని చూస్తున్నట్టు.

రెండో షీటు. గుమ్మం అందులోనే ఉంది. దానికోసమే ఈ పదకొండు నెలలూ. మొదటి మీటింగులో నేను స్లైడ్లు వేసి వెలుతురు, ప్రవాహం, సమ్మిళితం అంటూ అరగంట మాట్లాడాను. ఆంటీ నోలా చివరిదాకా విని, ఎన్ని తలుపులు, అంది. ఐదు అన్నాను గర్వంగా. ఒకటి చాలు, అంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, కానీ నాకెందుకో అది తెనాలి తెలుగులోనే వినపడుతుంది, బహుశా మాటల మధ్య ఖాళీల వల్ల. ఆంటీ అని మనవాళ్ళలో ఒకావిణ్ణి పిలిస్తే పదేళ్ళ స్నేహం పోతుంది. ఇక్కడ వీళ్ళలో ఆంటీ అంటే ఊరంతా కలిసి ఇచ్చే పెద్దరికం, అడిగితే రాదు. నేను పదమూడోసారి కలిసినప్పుడు గానీ అలా పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడ చిన్నప్పుడు ఈ ఊరి బేకరీలో వీళ్ళకి రొట్టె పక్కసందులో కిటికీలోంచి ఇచ్చేవాళ్ళట. ముందు తలుపు మిగతావాళ్ళకి. వాళ్ళమ్మ పక్కన సందులో నిలబడి, కిటికీలోంచి వచ్చే చెయ్యి తప్ప రొట్టెలమ్మే మనిషి మొహం ఎప్పుడూ చూడలేదట. సినిమా హాల్లో దీపాలు ఆర్పాక పక్క తలుపు, వెలిగించేలోపు బయటికి. ఆస్పత్రిలో వెనక వరండా. ఇదంతా చెప్పి, ఇరవై రెండేళ్ళప్పుడు మొదటిసారి ఆ బేకరీ ముందు తలుపులోంచి వెళ్ళా, అది లాగాలో తొయ్యాలో నాకు తెలీదు, తోస్తానే ఉన్నా, లోపల అందరూ చూస్తన్నారు, అది లాగే తలుపు, అని నవ్వింది. ఎనిమిదిమందీ నవ్వారు. నేను నవ్వాలో లేదో తెలియక ల్యాప్‌టాప్ మూసేశాను. అందుకని ఒకటే గుమ్మం. మంత్రి వచ్చినా, చీపురు పట్టుకుని వచ్చినా అదే. మెట్లు వేరుగా, చక్రాల కుర్చీకి ర్యాంపు వేరుగా కాదు, అందరికీ ర్యాంపే. మరి నిప్పంటుకుంటే ఎలా ఆంటీ అంటే ఆవిడ నావైపు జాలిగా చూసి, బయటికి పోవడానికి ఎన్నైనా పెట్టుకో, లోపలికి రావడానికి ఒకటే, అంది. ఇరవై ఏళ్ళ చదువూ సర్టిఫికెట్లూ అన్నీ ఆ వాక్యం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. బయటివైపు పిడి లేని తలుపులు, లోపలినుంచి తోస్తే తెరుచుకునేవి, నాలుగు గీశాను. రావడానికి మాత్రం ఒకటే, ముగ్గురు చేతులు పట్టుకుని ఒకేసారి నడిచేంత వెడల్పు.

మూడో షీటు వంటగది. కెటిల్ చప్పుడు వినపడుతోంది, టీ పెడుతున్నారు. టీ అంటే గుర్తొచ్చింది, మూడు వారాల కిందట ఆంటీ నోలా మా ఇంటికి వచ్చింది. కంటి డాక్టరు కోసం మెల్‌బోర్న్ వస్తున్నా, నువ్వు నా వంటింట్లో నాలుగుసార్లు కూర్చున్నావు, నీ వంటింట్లో నేనొకసారి కూర్చోవాలి, ఇల్లు కట్టేదాని ఇల్లు చూడొద్దా, అని కబురు పెట్టింది. టార్నీట్‌లో మా ఇల్లు తూర్పు ముఖం. ఆ లే-అవుట్లో తూర్పు ముఖాలన్నీ మనవాళ్ళవే, పడమటి ముఖాల్లో అందరూ సుఖంగా ఉన్నారు. మా ముందు గుమ్మానికి ఇత్తడి బొమ్మలు, ప్లాస్టిక్ మామిడాకులు, గడపకి పసుపు రంగు పెయింటు, అన్నీ ఉన్నాయి. దాన్ని గృహప్రవేశం రోజు తెరిచాం, తరవాత పిజ్జావాడి కోసం. మేమందరం గ్యారేజీలోంచి, బియ్యం బస్తాల మధ్యనుంచి, చెప్పుల స్టాండు మీదుగా దూరి ఇంట్లోకి వెళతాం. ఆవిడొస్తోందని ముందు తలుపు తియ్యబోతే అది బిగుసుకుపోయింది, సంజయ్ లోపలినుంచి లాగీ బయటినుంచి తన్నీ తెరిచాడు. ఆంటీ నోలా గడప దాటుతూ, మంచి తలుపు, వాడరా, అని మాత్రం అంది. వంటిళ్ళు మాకు రెండు. ముందుది పాలరాతిది, చూడ్డానికి. వెనకది పోపు పెట్టడానికి. ఆవిణ్ణి పాలరాయి దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చోబెడదామని నా ప్లాను. ఆవిడ దాన్ని దాటుకుని, వాసన పట్టుకుని, తిన్నగా వెనక వంటింట్లోకి వెళ్ళి, మా అత్తగారు మంగతాయారుగారి పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచడం మొదలెట్టింది. అత్తగారికి ఇంగ్లీషులో సిట్టూ, థాంక్యూ తప్ప రావు. ఆవిడకి తెలుగు అసలే రాదు. ఇద్దరూ నలభై నిమిషాలు మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఎడమదా కుడిదా, మెట్లెక్కితేనా దిగితేనా, అన్నీ తేల్చుకున్నారు. నా పదకొండు నెలల కన్సల్టేషన్‌లో అంత స్పష్టత ఎప్పుడూ రాలేదు. అప్పుడు టీ ఇచ్చారు. మా అత్తగారు, పెద్దావిడ, పాతకాలం మనిషి, ఆవిడకేం తెలుసు, ఆంటీ నోలాకి టీ నీలం మగ్గులో ఇచ్చేశారు.

నీలం మగ్గు గురించి చెప్పాలి. ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్ళు ఫ్రీగా ఇచ్చారు. మా ఇంట్లో తాగడానికి మూడు రకాలున్నాయి. అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు, పదేళ్ళుగా ఒక గొప్ప అతిథి కోసం ఎదురుచూస్తూ. మేం తాగే స్టీలు గ్లాసులు. ఇంకా నీలం మగ్గు. అది ట్రేడీలకి, అంటే ప్లంబరుకి, కార్పెట్ కడిగేవాడికి, ఇంటర్నెట్ పెట్టడానికొచ్చినతనికి. ఇది వాళ్ళది అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. దాన్ని విడిగా పెట్టమని ఎవరూ చెప్పలేదు. అది తనంతట తనే ఫ్రిజ్ మీద పై అరలోకి వెళ్ళిపోయి, పైపు కారినప్పుడల్లా దిగి వస్తుంది. మేమంతా ఈ దేశంలో ఫెయిర్ గో, అంటే అందరికీ సమాన అవకాశం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళం, విడిగా గ్లాసు పెట్టే అలవాటు మాకెందుకుంటుంది, అందుకని మేం దాన్నెప్పుడూ అలవాటు అని పిలవలేదు. ఆ సాయంత్రం ఆంటీ నోలాని వాళ్ళ మేనకోడలు కారెక్కించుకుని వెళ్ళాక, మా గీతిక, పదిహేనేళ్ళది, తెలుగంతా అర్థమై ఇంగ్లీషులో మాత్రమే తిరిగొచ్చే పిల్ల, ఫోన్లోంచి తలెత్తకుండా అడిగింది.

"అమ్మా, వై డిడ్ ఆంటీ నోలా గెట్ ద ట్రేడీ మగ్?"

నానమ్మకి తెలీదు కదమ్మా, అన్నాను. ఓకే, అంది. ఆ ఓకే ఎంతసేపు గదిలో నిలబడి ఉందో. మర్నాడు పొద్దున్నే ఆంటీ నోలాకి ఫోన్ చేశాను. ఎవరూ అడగని క్షమాపణ చెప్పాను. మా అత్తగారు పెద్దావిడ, తెలియక ఆ మగ్గు దింపిపెట్టింది, మా వైపు పాతవాళ్ళు అంతే, మీరేమీ అనుకోకండి. అవతల ఏదో పక్షి కూస్తోంది. తరవాత, రైటో, అంది. అంతే. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే అత్తగారు కాఫీ ఫిల్టరు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మదర్-ఇన్-లా అన్న మాట మాత్రం ఏ భాషలో అన్నా ప్రపంచంలోని ప్రతి అత్తగారికీ అర్థమవుతుంది. ఆవిడ సంజయ్‌ని పిలిచి ఫ్రిజ్ మీదనుంచి నీలం మగ్గు దింపించుకుని, కడిగి, అందులో కాఫీ పోసుకుని తాగారు. గుడివాడ నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న సొంత స్టీలు గ్లాసు తప్ప ఇంకోదాన్ని పెదవికి తగలనివ్వని మనిషి. ఆ రోజు నుంచీ రోజూ అందులోనే. వారం ఆగి, ఎందుకండీ అందులో అంటే, నావైపు చూడకుండా, "ఇందులో వేడి నిలుస్తోందే," అన్నారు.

నాలుగో షీటు. ఐదో షీటు, గబగబా, అవి పైకప్పులు, పైకప్పులు ఎవరూ చూడరు. గడియారం పదీ ముప్ఫై ఐదు. ఇక్కడ బయట ఎవరూ లేరు, మ్యాగ్‌పై కూడా పురుగు దొరికి బిజీగా ఉంది, కాబట్టి నిజం అనుకోవచ్చు. టీ పెట్టింది నేను. అత్తగారి చేతుల నిండా గోరుచిక్కుళ్ళు, ఆవిడ స్టూలు మీంచి లేవనే లేదు. టీ మరిగింది, వడకట్టాలి, ఆంటీ నోలా నా వెనకే కూర్చుని నవ్వుతోంది, నాకు ఎంతో సంతోషంగా ఉంది, మనసంతా ఆవిడకి పింగాణీ కప్పులో ఇవ్వాలనే ఉంది, నిజంగా, బీరువా తాళం ఎక్కడుందా అని కూడా అనుకున్నాను. ఈలోపు చెయ్యి ఫ్రిజ్ మీదికి వెళ్ళింది. నేను పంపలేదు. అది వెళ్ళి, మగ్గు దింపి, టీ పోసి, ఆవిడ ముందు పెట్టి, తిరిగి నా దగ్గరికి వచ్చేసింది, ఎంతో పని చేసినట్టు. నా చేతికి నాకంటే ఎక్కువ వయసు.

చెత్త లారీ వచ్చింది. కౌన్సిల్‌ది, పక్కనుంచి ఇనుప చెయ్యి చాపి, హాలు ముందున్న ఎర్రమూత డబ్బాని పైకెత్తి, తలకిందులు చేసి, దులిపి, మళ్ళీ రోడ్డు మీద పెట్టి పోయింది. లోపలున్న డ్రైవరు దేన్నీ ముట్టుకోలేదు. మా వీధిలో మనవాళ్ళు చెత్తడబ్బా బయట పెట్టడాన్ని ఒక దీక్షలా చేస్తారు, ఏ వారం పసుపు మూత, ఏ వారం పచ్చ మూత అని వాట్సాప్ గ్రూపులో ముందురోజే పంచాంగం వస్తుంది. కేశవరావు అంకుల్ అయితే పక్కింటివాళ్ళది తెరిచి తప్పు మూతలో తప్పు చెత్త ఉందేమోనని కూడా చూస్తారు. చెత్త. పోయిన గురువారం చెత్త కన్సల్టెంటు మెయిలు పెట్టాడు, ఆ పేరుతో ఒక ఉద్యోగం ఉంది, ఆయనకి విజిటింగ్ కార్డు కూడా ఉంది. వంటగది నుంచి డబ్బాలకి దారి చూపించలేదేం, సామాన్లు తెచ్చేవాళ్ళు ఎటునుంచి వస్తారు, శుక్రవారం లోపు సవరించండి అని. నేను ల్యాప్‌టాప్ పక్కన పెరుగన్నం పెట్టుకుని పది నిమిషాల్లో సవరించాను. వంటగది పక్కగోడలో ఒక తలుపు. తొమ్మిది వందల మిల్లీమీటర్ల వెడల్పు, బయట పిడి, తాళం. డెలివరీ వాళ్ళకి, క్లీనింగ్ వాళ్ళకి. అది ఏడో షీటు.

అప్పుడు చలి బెంచీలోంచి కాదు, నాలోంచి మొదలైంది. పక్క తలుపు. ఒకటే గుమ్మం ఉన్న ఇంటికి, పదకొండు నెలలు ఒకటే గుమ్మం, ఒకటే గుమ్మం అని అందరికీ చెప్పుకు తిరిగిన నేను, పెరుగన్నం తింటూ పక్కసందులో తలుపు గీశాను. పనివాళ్ళకి. పైగా, కళ్ళు మూసుకుంటే గీతలన్నీ కనపడుతున్నాయి, తలుపు పక్కన గోడకి ఒక చిన్న గట్టు. మూడు వందల లోతు, తొమ్మిది వందల ఎత్తు. అది మెయిల్లో ఎవరూ అడగలేదు. ఏ రూల్లోనూ లేదు. తలుపు పక్కన గోడ ఖాళీగా ఉంటే నా చెయ్యి అక్కడొక గట్టు గీసింది, అది లేకపోతే తలుపు పూర్తి కానట్టు. ఆ గట్టు నాకు తెలుసు. తెనాలిలో మా అమ్మమ్మగారింట్లో దొడ్డి గుమ్మం పక్కన జానెడు సిమెంటు గట్టు, అప్పటి నా ముక్కు ఎత్తులో, దాని మీద బోర్లించిన సత్తు గ్లాసు. అది దీనమ్మది. దీనమ్మ మా ఇంట్లో అంట్లు తోమేది, అంటే మేం తినే కంచాలన్నీ ఆవిడ చేతుల మీదుగానే మా దగ్గరికి వచ్చేవి, అందులో ఇబ్బందేం లేదు. టీ మాత్రం గుమ్మం అవతల, ఆ గ్లాసులో. అమ్మమ్మ గడప ఇవతల నిలబడి గిన్నె పైకెత్తి పోసేది, ఒక్క చుక్క ఒలికేది కాదు, ఎంత నేర్పో అని నేను చూస్తూ నిలబడేదాన్ని. మా అమ్మమ్మ మంచిది. దీనమ్మ కూతురి పురిటికి రాత్రంతా కూర్చుంది, ఆస్పత్రిలోనే, వరండాలో. ఆరేళ్ళప్పుడు నేను ఒకసారి ఆ గ్లాసు తెచ్చి వంటింట్లో మా గ్లాసుల పక్కన పెట్టాను, వర్షానికి తడుస్తోందని. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ ఒక్కసారి మాట్లాడటం ఆపేశారు, అంతే. దీనమ్మే గుమ్మం దగ్గరికొచ్చి చెయ్యి చాపి, నవ్వుతూ అంది.

"ఇటియ్యి పాపా. అందులో టీ సేదుగా ఉంటది, నీకు పడదు."

ఇచ్చేశాను. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గట్టు మీద బోర్లించింది, ఇంకాస్త లోపలికి, వాన పడకుండా. నలభై ఏళ్ళయింది. చేదుగా ఉంటుందని నన్ను కాపాడింది. వేడి నిలుస్తోందని మా అత్తగారు కాపాడారు. నేను పట్టుబడకుండా ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని అబద్ధాలాడారో. ఆ గట్టు ఇన్ని సముద్రాలు దాటి, కస్టమ్స్ వాళ్ళు పచ్చళ్ళ డబ్బాలు తెరిచి చూశారు గానీ దీన్ని చూడలేదు, నా కుడిచేతిలో కూర్చుని వచ్చి, ఈ నది ఒడ్డున దిగింది. వీళ్ళింట్లో.

కాగితం. ఆరో షీటు. అందులో వరండా, నదివైపు. అక్కడ కాసేపు ఆగుతారు, వరండా అందరికీ ఇష్టం. తరవాత తిప్పుతారు. ఎవరు చూస్తారు ముందు? ఆంటీ నోలాకి కుడికన్ను మసక, అందుకే కదా డాక్టరు. చూడకపోవచ్చు. చిన్న గీతలు, తొమ్మిది వందల తలుపు కాగితం మీద గోరంత. చూడకపోతే ఊ అంటారు, కౌన్సిల్‌కి వెళుతుంది, కడతారు, ఎనిమిది మందీ ముందు గుమ్మంలోంచి చేతులు పట్టుకుని లోపలికి నడుస్తారు, రిబ్బన్లు, ఫోటోలు, మా డైరెక్టరుకి అవార్డు. మర్నాటి నుంచి క్లీనింగ్‌కి వచ్చే పిల్ల, ఈ ఊళ్ళో క్లీనింగ్‌కి వచ్చేది ఎవరి మనవరాలో, పక్కసందులోకి తిరుగుతుంది. ఆ గట్టు మీద తన నీళ్ళ సీసా పెట్టుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే. చూస్తే మాత్రం, చూసి ఏమీ అనకుండా, రైటో అంటే? అది ఇంకా ఘోరం. లేదా నేనే ముందు వెళ్ళి చెప్పాలి. గంటదాకా రావొద్దన్నారు. పిలవకుండా వెళ్ళడం మర్యాద కాదు. మర్యాద. నా జీవితంలో పిరికితనానికి నేను వాడిన మాటలన్నిట్లోకీ ఇది బాగా ఇస్త్రీ చేసినది.

లేచాను. మ్యాగ్‌పై పక్కకి తప్పుకుంది. హాలు తలుపు దగ్గర నిలబడి తొయ్యబోయాను, తెరుచుకోలేదు. గట్టిగా తోశాను.  భుజం ఆనించి తోశాను. లోపలినుంచి ఎవరో, లాగు, అన్నారు. లాగాను.

ఎనిమిది మొహాలు నావైపు తిరిగాయి. బల్ల మీద పులిహోర డబ్బా ఖాళీ, దాని పక్కన స్కోన్లు అలాగే ఉన్నాయి. ఆంటీ నోలా చేతిలో ఆరో షీటు మూల, తిప్పబోతూ ఆగింది. నేను దారిలో తయారు చేసుకున్న వాక్యాలేవీ నాతోబాటు లోపలికి రాలేదు. ఏడో షీటులో ఒక తలుపుంది ఆంటీ, వంటగది పక్కన, పనివాళ్ళకి, నేనే గీశాను, ఎవరూ బలవంతం చెయ్యలేదు, దాన్ని కొట్టెయ్యండి, అన్నాను.  ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి, ఆపలేదు. దాని పక్కన గట్టుంది, అది మా అమ్మమ్మగారింట్లోది, దాని మీద మా పనిమనిషి గ్లాసు విడిగా ఉండేది అన్నాను. ఆ రోజు మీకిచ్చిన మగ్గు కూడా అదే. ఫోన్లో మా అత్తగారి మీద పెట్టాను. ఆవిడ కాదు. దింపిందీ ఇచ్చిందీ నేనే.

ఆంటీ నోలా కళ్ళజోడు తీసి, చిరుగుపట్టిన స్వెట్టరు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"తెలుసు అమ్మాయ్. ఆ ముసలావిడ చెయ్యి ఆ షెల్ఫుకి అందదు."

అంకుల్ రెజ్, ఎనభై నాలుగేళ్ళ మనిషి, మీటింగులన్నిట్లోనూ నిద్రపోతాడని నేను నోట్సులో రాసుకున్న మనిషి, కళ్ళు తెరిచి, చెత్త కోసమేనా ఆ తలుపు, అన్నాడు. ఔనన్నాను. చెత్త బయటికే కదా పోయేది, దానికి లోపలికొచ్చే తలుపెందుకు, బయట పిడి తీసెయ్యి చాలు, అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. చెత్త కన్సల్టెంటు విజిటింగ్ కార్డు నా కళ్ళముందు ఒకసారి మెరిసి ఆరిపోయింది. మరి ఖాళీ డబ్బా వెనక్కి ఎలా వస్తుంది అని ఎవరో అడిగారు. ముందునుంచి వస్తుంది, ఎవరికైనా నామోషీ అయితే నేను తోసుకొస్తా, అంది ఆంటీ నోలా. తరవాత కాలితో ఒక కుర్చీ నావైపు జరిపింది. ఏడో షీటు తిప్పి, పెన్ను నా చేతిలో పెట్టింది. నువ్వే గీశావు, నువ్వే కొట్టెయ్యి అంది.

కూర్చున్నాను. గీసింది ఈ చెయ్యే, దానికీ తెలియాలి. బయటివైపు పిడి కొట్టేశాను, తాళం కొట్టేశాను. గట్టు మీదికి పెన్ను తీసుకెళ్ళేసరికి ఆవిడ వేలు అడ్డం పెట్టింది.

"దాన్నుండనీ. ముందు గుమ్మం పక్కకి జరుపు. తాళంచెవి వెతుక్కునేటప్పుడు సంచీ పెట్టుకోడానికి ఉంటది."

ఎంత ఎత్తులో ఆంటీ, అని అడిగాను. ఆవిడ బల్ల పట్టుకుని, మోకాలు మీద ఒక చెయ్యి వేసి, ఎడమ మోకాలు, మెట్లు దిగితే నొప్పి, మెల్లగా లేచి నిలబడి, భుజాన సంచీ తీసి గాలిలో ఒకచోట పెట్టి పట్టుకుంది. నేను జేబులోంచి టేపు తీసి నేల నుంచి కొలిచాను. ఎనిమిది వందల అరవై. నేను గీసింది తొమ్మిది వందలు. నలభై తగ్గించి రాసుకున్నాను. ఆవిడ సంచీ ఇంకా అలాగే పట్టుకుని, మీ అత్తగారికి సరిపోద్దా, అంది.